పరుగెత్తలేని యశోద

మా అమ్మాయికి ఎనిమిదవ యేట ఒక రాత్రి, దశరథుని బాణమునకు బలియైన మునికుమారుని కథ చెప్పినాను. లోకము ఆ బాలుని శ్రవణకుమారుడని పిలుచుచున్నది గాని వాల్మీకి అతనికి పేరు పెట్టలేదు. తల్లిదండ్రులు అంధులు, వృద్ధులు. వారికై నీరు తెచ్చుటకు కొడుకు నదికి పోయినాడు. చీకటిలో కుండ మునుగు చప్పుడును ఏనుగు చేయు చప్పుడుగా భ్రమించి రాజు బాణము వేసినాడు. కథ ముగిసినది. పిల్ల కంట నీరు పెట్టుననుకొన్నాను. అది కొంతసేపు ఊరకుండి, "అమ్మా, ఆ అడవిలో వాళ్ళకు పక్కింటివాళ్ళు ఎవరూ లేరా?" అని అడిగినది.

ఎం.ఏ. చదువునాడు ఆ ఘట్టమును కరుణరసమునకు ఉదాహరణముగా పరీక్షలో వ్రాసినదానను. శబ్దవేధి విద్యను గురించియు, శాపమును గురించియు, పుత్రశోకము పుత్రశోకముగానే తిరిగి వచ్చుటను గురించియు పుటలు నింపినాను. పొరుగువారి సంగతి నాకు ఎన్నడును తోచలేదు. పిల్లకు తోచుటకు కారణము వెదుకనక్కరలేదు. అది పొరుగువారి చేతులలో పెరిగినది.

ఈ మాట కొంచెము వివరింపవలసి యున్నది. నాకు రెండవ యేట పోలియో సోకినది. ఎడమకాలికి కాలిపరు, రెండు చంకలకు రెండు కర్రలు. 1998లో గుంటూరు ప్రాంతము విడిచి గుడ్‌గావ్ వచ్చినాము. 2016లో దాని పేరు గురుగ్రామ్ అయినది. ద్రోణాచార్యునికి గురుదక్షిణగా వచ్చిన గ్రామమని స్థానికుల నమ్మకము. ఏకలవ్యుని బొటనవ్రేలిని పుచ్చుకొన్న గురువు పేరిట వెలసిన ఊరిలో అంగవైకల్యమును గురించి ఆలోచించుట వింతగానే తోచును, ఆ మాట అటుంచుదము. 2000లో మా అమ్మాయి పుట్టినది. చంకకర్రలు నా రెండు చేతులను పట్టి ఉంచును. బిడ్డను ఎత్తుకొనుటకు మూడవ చేయి కావలె.

మన ఇండ్లలో పెద్దవారు పీటపై కూర్చుండి, కాళ్ళు చాచి, ఆ కాళ్ళ మీద బిడ్డను పండుకొనబెట్టి నీళ్ళు పోయుదురు. తెలుగుతల్లులకు ఇది తరతరాల విద్య. నా ఎడమకాలు బిడ్డ బరువును మోయదు. మూడవ అంతస్తులో కుమారుని యింట నుండిన శ్రీకాకుళపు పెద్దావిడ, నేను పిన్నిగారని పిలిచెడిదానను, మూడు మాసములు దినమును తప్పక వచ్చి నీళ్ళు పోసినారు. ఆమె స్వగ్రామమునకు మరలిపోగా, ఎదురింటి హరియాణా వృద్ధురాలు, అందరకును తాయీ, ఆ పని అందుకొన్నది. ఆమె మాట నాకు సగమే తెలియును, నా హిందీ ఆమెకు అంతకంటె తక్కువ. తిట్లు మాత్రము ఇరువురకును అర్థమయ్యెడివి. నలుగుపిండికి బదులు ఆవనూనె వచ్చినది. పిల్ల బాగుగానే పెరిగినది.

వీరు ఇచ్చినది సహాయము. సాహచర్యము మరియొక చోట దొరికినది. కాలిపరు తోలుపట్టీలు తెగినప్పుడు, బూటు అరిగినప్పుడు బాగుచేయించుకొనుటకు ఢిల్లీకి పోవలసివచ్చెడిది. అచట వరండాలో ఒక పొడుగుబల్ల. పని ముగియువరకు, అనగా తరచు సాయంకాలము వరకు, ఆ బల్లపై కూర్చుండవలె. బిడ్డలను చంకబెట్టుకొని వచ్చు తల్లులును, మనుమలను గురించి చెప్పు తండ్రులును అక్కడనే నాకు పరిచయమైనారు. పుట్టింటిలో గాని, ఆసుపత్రిలో గాని ఎవరును చెప్పని విషయములు ఆ బల్లపై తెలిసినవి. బీహారు నుండి వచ్చిన ఒకావిడ, "నీవు ఎత్తుకొనుట నేర్చుకొనకు, ఎక్కుట బిడ్డకు నేర్పు" అన్నది. ఆమె పిల్లవాడు పది నెలలకే తల్లి నేలపై కూర్చుండగనే మోకాలు పట్టుకొని ఒడిలోనికి ఎగబ్రాకెడివాడు. కాలు తీసివేసిన భర్తకు తోడుగా వచ్చెడి ఒక అంధురాలు తన బిడ్డ కాళ్ళకు గజ్జెలు కట్టినది. చప్పుడు వినబడినంతసేపు బిడ్డ ఎచటనున్నదో తెలియును, చప్పుడు ఆగినచో లేచి పోవలె. మన కవిత్వమున బాలకృష్ణుని పాదముల గజ్జెలు వేయి విధముల మ్రోగినవి. అవి ఒక తల్లికి కన్నులు కాగలవని నేను ఆ బల్లపైననే తెలిసికొన్నాను.

అప్పుడే భాగవత దశమస్కంధములోని ఉలూఖలబంధన ఘట్టము నాకు క్రొత్తగా కనబడినది. యశోద కొడుకు వెంట పరుగెత్తును. పట్టుకొని కట్టబోవును. త్రాడు రెండంగుళములు తక్కువగును, ఎంత త్రాడు కలిపినను రెండంగుళములే తక్కువ. తల్లి చెమర్చినది, అలసినది. ఆ అలసటను చూచి బాలుడు తానే కట్టుబడినాడు. భక్తులు దీనిని భగవంతుని కృపగా వ్యాఖ్యానింతురు. ఆ వ్యాఖ్యానముతో నాకు పేచీ లేదు. కాని పరుగెత్తలేని తల్లికి ఇది నిత్యానుభవము. మా పిల్ల నడక వచ్చిన నాటి నుండి వీధిలో తండ్రి చేయి విడిపించుకొని పరుగెత్తెడిది. నాతో వచ్చునప్పుడు మాత్రము నా కర్రను పట్టుకొని నడిచెడిది. ఎవరును నేర్పలేదు. బిడ్డలు తల్లి కొలతకు తమను తాము కుదించుకొందురు. అట్లు కుదించుకొనుట వారికి భారమగునా, విద్యయగునా? మంచి రచయితకు ఇది మంచి ప్రశ్న.

వ్రేపల్లెను కూడ గమనింపవలె. యశోద ఒంటరి కాదు. కొడుకు ఎవరి యింట దూరినాడో, ఏ కుండ పగులగొట్టినాడో గోపికలు వచ్చి చెప్పెదరు. మనము వానిని కొంటెఫిర్యాదులుగా చదివి ఆనందింతుము. ఊరంతయు ఒక బిడ్డపై కన్ను వేసి యుంచుట కూడ అందులో నున్నది.

ఇప్పుడు మునికుమారుని కథకు వత్తును. దానిని ఒంటరిగా గాక మహాభారతములోని సావిత్రి కథ ప్రక్కన నుంచి చదువవలెనని నా అభిప్రాయము. ఇది ఆరణ్యపర్వమున నున్నది, తెలుగున ఎఱ్ఱన చేతి మీదుగా మనకు వచ్చినది. సావిత్రిని, యముని, వరములను ఎరుగని తెలుగువాడు లేడు. సావిత్రి మామగారైన ద్యుమత్సేనుని మాత్రము మనము గుర్తుంచుకొనుట తక్కువ. సాళ్వదేశపు రాజు. కన్నులు పోయినవి, కొడుకు ఇంకను పసివాడు. ఆ అదను చూచి పొరుగు శత్రువు రాజ్యమును కాజేసినాడు. చంటిబిడ్డతోనున్న భార్యను వెంటబెట్టుకొని గ్రుడ్డిరాజు అడవికి పోయినాడు. సత్యవంతుడు అచ్చటనే పెరిగినాడు. అనగా మన ఇతిహాసమున, కన్నులు లేని తండ్రి బిడ్డను పెంచి పెద్దవానిని చేసిన కథ ఒకటి స్పష్టముగా ఉన్నది. మునిదంపతుల కథలో కొడుకు తల్లిదండ్రులను పోషించుట కనబడును, వారు అతనిని పెంచిన కాలము కనబడదు.

రెండు కథలకును పోలికలు ఎన్నో. అదే అడవి, అదే అంధత్వము, ఒక్కడే కొడుకు, చీకటి పడినను తిరిగి రాని కొడుకు. అడవిలో మూర్ఛ తేరిన సత్యవంతునకు మొదట జ్ఞప్తికి వచ్చినది తల్లిదండ్రులే. ముదుసలులైన వారికి తానే చేతికఱ్ఱనని అతడు వాపోవును. మునికుమారుడును బాణము తగిలి పడి, తనకంటె తన వారి దాహమునకే ఎక్కువ దుఃఖించును. ఇంతవరకు ఒకే కథ. ఆ రాత్రి తండ్రుల విషయమున మాత్రము భిన్నమైనది. మునిదంపతుల ఆశ్రమమునకు వచ్చిన అడుగుల చప్పుడు కొడుకుదనుకొన్నారు, అది హంతకునిది. ఆ రాత్రి వారి చేయి పట్టి కొడుకు శవము కడకు నడిపించినవాడును ఆ హంతకుడే. కథలో మరియొక మనిషి లేడు. చితి తప్ప వారికి గత్యంతరము లేదు. ద్యుమత్సేనుడో, భార్య శైబ్యతో కలిసి ఆశ్రమము నుండి ఆశ్రమమునకు కొడుకును వెదకుచు తిరిగినాడు. దర్భలును ముండ్లును గ్రుచ్చుకొని పాదములు నెత్తురు గారినవి. అప్పుడు చుట్టుపట్ల ఆశ్రమవాసులు మూగి, వారిని తమ కుటీరమునకు తోడ్కొనివచ్చి, చుట్టును కూర్చున్నారు. పూర్వరాజుల కథలు చెప్పినారు. సువర్చసుడు, గౌతముడు, భారద్వాజుడు, దాల్భ్యుడు, ధౌమ్యుడు మున్నగువారు ఒకరి తరువాత నొకరు, సత్యవంతుడు బ్రతికియున్నాడని తలకొక కారణము చెప్పినారు. ఆ కారణములు తర్కమునకు నిలుచునవి కావు. అర్ధరాత్రి వేళ దుఃఖితుని ప్రక్కన కూర్చున్న పొరుగువారు చెప్పు మాటలు అట్లే యుండును. తెల్లవారకమునుపే కొడుకు, కోడలు వచ్చినారు.

ఇందు ఒక సూక్ష్మము కలదు. సావిత్రి యముని మొదట కోరినది మామగారి చూపు. కనుక కొడుకును వెదకుచు తిరుగునాటికి ద్యుమత్సేనునకు కన్నులు వచ్చియున్నవి! కన్నులు వచ్చిన రాత్రియే అతనికి పొరుగువారు మిక్కిలి కావలసివచ్చినారు. వికలాంగుడు గనుక ఇతరుల యాసరా కావలెనను భావమును వ్యాసుడు ఇంత మెలకువగా త్రోసివేసినాడు. ఆ మెలకువను మన కథకులు పట్టుకొనలేదు. వారు పట్టుకొన్నది చూపు వచ్చుట ఒక్కటే. వికలాంగుని పాత్ర కథాంతమున స్వస్థుడగుటయో, మరణించుటయో తప్ప మూడవ త్రోవ లేనట్లు నేటికిని వ్రాయుచున్నాము. నేను చదివినంతలో, కాలు కుంటియై, కాలు కుంటిగనే ఉండి, బిడ్డ పెండ్లి చేసి, అల్లునితో తగవులాడి, సామాన్యముగా ముసలిదైన తల్లి తెలుగు కథలో అరుదు.

ధృతరాష్ట్రుని గురించి కొద్దిగా చెప్పి విడిచెదను. అతని అంధత్వమును మనము పుత్రవ్యామోహమునకు ప్రతీక చేసికొన్నాము. ప్రతీకయైన మరుక్షణమున మనిషి మాయమగును. అంధుడను కారణమున అతనికి రాజ్యము దక్కలేదు. తండ్రికి దక్కనిచో తమకును, తమ బిడ్డలకును దక్కదని దుర్యోధనుడు అతని ఎదుటనే మొఱపెట్టును. అంధులకు దాయభాగము లేదు, పోషణ మాత్రమే అని మన ధర్మశాస్త్రము విధించినది. యుద్ధబీజములలో ఇదియు ఒకటి. గాంధారి కన్నులకు గంత కట్టుకొనుటను పాతివ్రత్యమని పొగడితిమి. ఆ యింట నూరుగురు బిడ్డలకు తల్లిదండ్రులలో ఒక్కరికైనను చూపు మిగులలేదు గదా అని అడిగినవారు తక్కువ. ఇరావతీ కర్వే మరాఠీలో వ్రాసిన 'యుగాంత' గాంధారిని భార్యగా, తల్లిగా, కోపమెరిగిన స్త్రీగా మన ముందు నిలిపినది. 1968లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన ఆ గ్రంథమును తెలుగు రచయితలు మరల మరల చదువవలెను.

ఆధునిక భారతీయ నవలలో ఈ విషయమును సరిగా చూచినవాడు ప్రేమ్‌చంద్ అని నా నమ్మకము. 1925 నాటి 'రంగభూమి' నాయకుడు సూరదాసు అంధుడు, బిచ్చగాడు, చమారు కులమువాడు. కాశీ ప్రక్క పాండేపూర్ అతని నివాసము. సిగరెట్టు కర్మాగారమునకై తన నేలను అడుగ వచ్చిన పెట్టుబడిదారును ఎదిరించిన సత్యాగ్రహిగా అతనిని విమర్శకులు గాంధీతో పోల్చినారు. పోలిక సరియే. కాని ఆ గుడిసెలో మిఠువా అను పిల్లవాడొకడు ఉన్నాడు. తల్లిదండ్రులు లేని అన్నకొడుకు. వానికి వండి పెట్టువాడు, వాని అలకలు తీర్చువాడు సూరదాసే. పొరుగువాడైన భైరో గుడిసెకు నిప్పు పెట్టినాడు. ఇప్పుడు ఎక్కడ ఉందుమని పిల్లవాడు అడుగును. మరియొకటి కట్టుకొందుమని అంధుడు చెప్పును. మరల తగులబెట్టినచో అని వాడు అడుగును, మరల కట్టుకొందుమని ఇతడు. ప్రశ్న పెరుగుచు లక్షలకు పోవును, జవాబు మారదు. దీనిని జాతీయోద్యమ స్ఫూర్తిగా చదివినారు. నేను మొదట దీనిని, ఇల్లు కాలిన రాత్రి ఒక తండ్రి బిడ్డకు చెప్పు మాటగా చదువుదును. ఉద్యమము ఆ తరువాతి సంగతి.

ప్రేమ్‌చంద్ గొప్పతనము ఇంకొకటి ఉన్నది. పాండేపూర్ పొరుగు ఋషుల ఆశ్రమము కాదు. పాలవాడు బజరంగి అండగా నిలుచును, కల్లువాడు భైరో కొంప కాల్చును. ఒకే వీధి. సూరదాసు నేలలో ఊరి పశువులు మేయును. అనగా బిచ్చమెత్తు అంధుడు ఊరికి దాత కూడ. సహాయము ఒక వైపు నుండి మాత్రమే ప్రవహించునని తలచు రచయిత వికలాంగుని ఎప్పుడును తక్కువచేసియే వ్రాయును. ఆ బల్లపై మేము ఒకరికొకరము నేర్పుకొన్నది దయాధర్మము కాదు. మా పిల్ల పదవ తరగతి చదువునప్పుడు, తాయీ మనుమరాలికి ఇంగ్లీషు చెప్పినదానను నేను. మూడేండ్లు.

ఇక పత్రికల సంగతి. మా ఊరివారైన దీపా మాలిక్ 1999లో వెన్నెముక కణితికి జరిగిన శస్త్రచికిత్స తరువాత ఛాతీ దిగువ చచ్చుబడి, చక్రాల కుర్చీకి పరిమితులైనారు. అప్పటికే ఇరువురు ఆడపిల్లల తల్లి. 2016లో రియో పారాలింపిక్సున గుండువిసరుటలో రజతపతకము గెలిచినారు. ఆ క్రీడలలో పతకము పొందిన మొదటి భారతీయ మహిళ. కుమార్తెతో కలిసి వికలాంగులకై 'వీలింగ్ హ్యాపీనెస్' అను సంస్థను నెలకొల్పినారు. ఇంతటి జీవితమును పత్రికలు పతకము దగ్గర మొదలుపెట్టి పతకము దగ్గర ముగించును. ఆమె యోగ్యతను నేను తగ్గించుటలేదు. నా ఫిర్యాదు కథనరీతిపై. వీరగాథలో పొరుగువారికి చోటు లేదు. ఉన్నచో వీరత్వము పలచబడునని రచయితకు భయము. ఆ ఇంట ఇద్దరు పిల్లల జడలు ఎవరు వేసిరో, బడి బస్సు వరకు ఎవరు పోయిరో, అది కదా నవల!

మాటల విషయమున ఒక చిన్న మాట. ఇప్పుడు 'దివ్యాంగులు' అని కేంద్రమువారు, 'విభిన్న ప్రతిభావంతులు' అని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు మమ్ము పిలుచుచున్నారు. సద్భావమే. కాని బిడ్డ ఏడ్చినప్పుడు లేవలేని కాలు దివ్యమని చెప్పినచో ఆ కాలికి నవ్వు వచ్చును. 'వికలాంగురాలు' అనినను, మా ఊరిలోవలె 'కుంటిది' అనినను, నా ముఖము చూచి అనుచో నాకు అభ్యంతరము లేదు.

చట్టము మన సాహిత్యముకంటె ముందు నడచినది. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదింపగా భారతదేశము 2007లో అంగీకరించిన ఒడంబడికలో ఇరువది మూడవ అధికరణము, బిడ్డల పెంపకమున వికలాంగులకు తగిన సహాయము చేయవలెనని చెప్పినది, తల్లి వైకల్యము గాని తండ్రి వైకల్యము గాని కారణముగా బిడ్డను వేరుచేయరాదనినది. మన 2016 నాటి చట్టము ఇరువది నాలుగవ సెక్షనున, వికలాంగులైన స్త్రీల జీవనోపాధికిని వారి బిడ్డల పెంపకమునకును తోడ్పాటు ఉండవలెనని పేర్కొన్నది. ఆ వాక్యమును చదివిననాడు, పిన్నిగారు నీళ్ళు పోయుచు కూర్చున్న పీట నాకు గుర్తునకు వచ్చినది. శాసనభాషలో ఆ పీటకు చోటు దొరికినది, మన కథాభాషలో దొరకలేదు.

చట్టము వ్రాతలో నుండుట ఒకటి, మెట్లు దిగివచ్చుట వేరొకటి. పిల్ల చదివిన బడిలో తల్లిదండ్రుల సమావేశములు రెండవ అంతస్తున జరిగెడివి. లిఫ్టు లేదు. తండ్రిని పంపుడని చెప్పినారు. రెండేండ్లు పంపినాను, తప్పు నాది కూడ. మూడవ యేట నాకు తెలియకుండనే అయిదుగురు తల్లులు కలిసి అర్జీ వ్రాసి, సమావేశమును క్రింది గదికి మార్పించినారు. అందొకరితో నాకు అంతకుమునుపు మాటలు లేవు. ఎందుకు చేసితిరని అడుగగా, తన గర్భము ఎనిమిదవ నెలలో ఆ మెట్లు తానును ఎక్కలేకపోతినని చెప్పినది.

మన రచయితలకు ఒక తొందరపాటు మాట చెప్పవలసి యున్నది. దేశమున చివరి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైనది. 2014 మార్చిలో పోలియో రహితదేశమని ధ్రువపత్రము వచ్చినది. ఇంతకంటె శుభవార్త లేదు. దానితో పాటు, బడులకు, పెండ్లిచూపులకు, ప్రసూతి గదులకు కాలిపర్లతో నడచిన మా తరము చివరి తరమైనది. మా బిడ్డలు పెద్దవారైనారు. ఆ వరండాలోని బల్లపై ఇప్పుడు తల్లులు తక్కువ, రోడ్డు ప్రమాదములలో కాలు పోగొట్టుకొన్న యువకులు ఎక్కువ. వారిలో కొందరకు చంటిబిడ్డలు ఉన్నారు. మొన్న పోయినప్పుడు ఒక యువకుడు, బిడ్డను ఎత్తుకొనుట ఎట్లని ప్రక్కవానిని అడుగుచున్నాడు. ఎక్కుట నేర్పుమని నేను చెప్పినాను.

ద్యుమత్సేనుని కథలో ఒక వివరము నన్ను విడువకున్నది. సత్యవంతునకు చిన్నతనమున గుఱ్ఱములనిన ఇష్టము. మట్టితో గుఱ్ఱములు చేసెడివాడు, బొమ్మలుగానూ వ్రాసెడివాడు. అందుచేత అతనికి చిత్రాశ్వుడని మారుపేరు. మట్టిగుఱ్ఱమును అంధుడైన తండ్రి చేతితో తడిమి చూడగలడు. వ్రాసిన గుఱ్ఱమును చూడలేడు. నాయనా ఇది చూడుమని బిడ్డ బొమ్మ పట్టుకొని వచ్చినప్పుడు ఆ తండ్రికి దానిని వర్ణించి చెప్పినవారు ఎవరో వ్యాసుడు చెప్పలేదు. తల్లి శైబ్యయా, ప్రక్క కుటీరపు ముసలి మునియా, నీటికి పోవుచు ఆగిన ఏ మునిపత్నియో?